కౌమార వయసువారితో బరువు గురించి కౌన్సెలర్ మాట్లాడవచ్చా?

ప్రశ్న:
నేను కౌమార వయసువారితో పనిచేసే కౌన్సెలర్‌ని. నా దగ్గరకు వచ్చే పదిహేనేళ్ల అమ్మాయి ఒకరు రిస్పెరిడోన్ అనే మానసిక చికిత్స మందు మొదలుపెట్టిన కొద్ది నెలల్లోనే బాగా బరువు పెరిగింది. నిద్ర, చదువు కుదుటపడ్డాయి గానీ, తోటివారి మాటలు భరించలేక ఆటలు మానేసింది. వచ్చినప్పుడల్లా తల్లి నన్ను పక్కకు పిలిచి, "మీరైనా తిండి తగ్గించమని చెప్పండి" అంటున్నారు. మాట్లాడితే ఆమె శరీరాన్ని తప్పుపట్టేవారిలో నేనూ ఒకరినవుతానేమోనని, మాట్లాడకపోతే ఆరోగ్య విషయాన్ని దాటవేసినదాన్నవుతానేమోనని మథనపడుతున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1:
నేను పిల్లల మానసిక వైద్యుడిని. ఈ బరువు తన తప్పు కాదని ఆ అమ్మాయికి ఎవరైనా చెప్పారా? రిస్పెరిడోన్, ఒలాంజపిన్ వంటి మందులు ఆకలిని పెంచుతాయి. పెద్దలకన్నా చిన్న వయసువారిలో ఈ ప్రభావం ఎక్కువ. మందు రాసిన రోజే మేము చెప్పవలసిన మాట ఇది, కానీ చాలాసార్లు చెప్పకుండానే పంపిస్తాం. ఇలాంటి మందుల విషయంలో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తదితర సంస్థలు 2004లో ఇచ్చిన సూచనల ప్రకారం, మొదలుపెట్టేముందే బరువు, నడుము కొలత, రక్తపోటు, పరగడుపున రక్తంలో చక్కెర, కొవ్వులు చూసి, 4, 8, 12 వారాలకు మళ్లీ బరువు చూడాలి. ఇవి జరిగాయో లేదో ఆమె వైద్యుణ్ణి అడగండి. మోతాదు సవరించడం, బరువు తక్కువగా పెంచే మందుకు మారడం, అవసరమైతే మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ చేర్చడం వంటి మార్గాలు ఆయన చేతిలో ఉన్నాయి. బరువు భయంతో ఆమె తనంతట తానే మందు ఆపేయకుండా మాత్రం చూడండి. జబ్బు తిరగబెట్టడానికి అది తరచుగా కారణమవుతుంది.

జవాబు 2:
తిండి గురించి ఏ సలహా ఇచ్చే ముందైనా, ఆమె ఇప్పటికే భోజనం మానేస్తోందా, తిన్నది కక్కేస్తోందా అని విడిగా, నెమ్మదిగా అడగండి. ఒళ్లున్న పిల్లల్లో ఆహార రుగ్మత ఉండదనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు: చాలా బరువు తగ్గి కూడా సాధారణ బరువులోనో అంతకన్నా ఎక్కువలోనో ఉంటూ, అనొరెక్సియా (బరువు పెరుగుతామనే భయంతో తిండి బాగా తగ్గించేసే రుగ్మత) లక్షణాలన్నీ ఉన్నవారిని, మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే 2013 నాటి డీఎస్ఎం-5 గ్రంథం ప్రత్యేకంగా గుర్తించింది. తల్లితో కూడా మాట్లాడాలి. ఇంట్లో బరువు ప్రస్తావన, డైటింగ్ అటు ఊబకాయానికీ ఇటు ఆహార రుగ్మతలకూ దారితీయగలవనీ, కుటుంబం కలిసి భోంచేయడం మేలు చేస్తుందనీ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016 నివేదిక చెబుతుంది. తల్లికి కావలసింది నింద కాదు, చేయదగిన పని. కలిసి భోంచేయడం లాంటి పనిని ఆమెకు సూచించండి.

జవాబు 3:
నేను వైద్యం చేసేవారిని కాదు, పదహారేళ్ల వయసులో కౌన్సెలింగ్‌కు వెళ్లినదాన్ని. నేను రోజూ మధ్యాహ్న భోజనం మానేస్తున్న రోజుల్లో, "సన్నబడ్డావు, బాగున్నావు" అని మా కౌన్సెలర్ మెచ్చుకున్నారు. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు, కానీ ఆ తరువాత తిండి గురించిన నిజం ఆవిడకు ఎప్పుడూ చెప్పలేకపోయాను. తగ్గినా పెరిగినా దయచేసి ఆకారాన్ని మెచ్చుకోవద్దు, వ్యాఖ్యానించవద్దు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మందు సంగతి ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదని ఈ రోజు వైద్యుడితో మాట్లాడినప్పుడు తెలిసింది. వచ్చే వారం, "ఈ మందు ఆకలిని ఎలా మారుస్తుందో నీకు చెప్పవచ్చా, లేక ఇవాళ వేరే విషయం మాట్లాడుకుందామా?" అని అడుగుతాను. వద్దంటే ఆగుతాను, ఆటలు ఎందుకు మానేసిందో ఆమె మాటల్లోనే వింటాను.