"అబ్బాయి మనసు గాలి మనసు": ఈ లైను అసలు ఎవరిది?

అమెరికన్ కవి లాంగ్‌ఫెలో 'మై లాస్ట్ యూత్' పద్యంలో చరణం చరణం చివరా తిరిగొచ్చే రెండు లైన్లున్నాయి కదా, "అబ్బాయి మనసు గాలి మనసు, పడుచు ఆలోచన పొడుగాటి ఆలోచన" అని నేను తెలుగు చేసుకున్నా. ఆయన సొంతం అనుకుంటారు చాలామంది. కానీ ఇది ల్యాప్‌లాండ్ పాటలోదని ఆయనే ఆ పద్యంలో చెప్పేశాడు, అది 1855. ఆయనకి జర్మన్ హెర్డర్ వేసిన జానపద పాటల సంకలనం (1778-79) నుంచి, హెర్డర్‌కి 1673లో షెఫెరుస్ అనే ఉప్సాలా ప్రొఫెసర్ లాటిన్‌లో వేసిన 'లాప్పోనియా' నుంచి వచ్చింది. షెఫెరుస్‌కి ఇచ్చిందేమో ఓలాస్ సిర్మా, ఉత్తర ఫిన్లాండ్ సొదాంకిలా వైపు నుంచి చదువుకోడానికొచ్చిన సామీ కుర్రాడు (సామీలంటే ల్యాప్‌లాండ్ మూలవాసులు). రెండు పాటలిచ్చాడు. ఒకటి కుల్నసట్స్ అనే రెయిన్‌డీర్‌ని త్వరగా పదమని, దారి చాలా ఉందని, ప్రియురాలి దగ్గరికి చేరాలని తొందరపెట్టే చలికాలం పాట, రెండోది ఒర్రె సరస్సు కనపడుతుందంటే చెట్ల కొసలకైనా ఎక్కుతాననే పాట, మన లైను ఇందులోదే.

ఇప్పుడు చూడండి, ఈ రెండు పాటలూ లాటిన్, ఇంగ్లిష్, జర్మన్ తిరిగి అమెరికా దాకా వెళ్లాయి, అవి పుట్టిన కెమి సామీ భాష మాత్రం 19వ శతాబ్దంలోనే పోయింది. దీన్ని కాపాడటం అనొచ్చా? నేనైతే అనను.

కామెంట్: అనకపోతే ఎలా అండీ? ఆ కుర్రాడు చెప్పకపోతే, షెఫెరుస్ రాసుకోకపోతే మనకి ఈ ముక్క కూడా ఉండేది కాదు. పైగా ఆ పుస్తకం వేయించిన కారణమే వేరు, స్వీడన్ వాళ్లు యుద్ధాలు గెలిచేది సామీల మంత్రాలతో అని యూరప్‌లో పుకారు, అది అబద్ధమని చూపించడానికి రాయించారు. పాటలు దొరకడం మన అదృష్టం.

కామెంట్: చిన్న మాట, 'ల్యాప్' అని పాత పుస్తకాల్లో ఉంటుంది గానీ వాళ్లకది చిన్నచూపు మాట, 'సామీ' అనండి, వాళ్ల నేలని 'సాప్మి' అంటారు, నార్వే స్వీడన్ ఫిన్లాండ్ రష్యా నాలుగింట్లోనూ ఉంది.

కామెంట్: నాకు మొదటి పోస్టే కరెక్ట్ అనిపిస్తోంది, ఎందుకంటే వాళ్ల పాట 'యోయిక్', అందులో బాణీయే అసలు సరుకు, మాటలు తక్కువ, ఒక్కోసారి ఉండవు కూడా. ఒక మనిషి గురించి యోయిక్ చేశానని అనరు, ఆ మనిషినే యోయిక్ చేశానంటారు. షెఫెరుస్ పుస్తకంలో మాటలున్నాయి, బాణీ లేదు. అంటే సగం పోయింది, అదీ పెద్ద సగం. యోయిక్ బాణీలు పెద్ద ఎత్తున దొరకడానికి 20వ శతాబ్దం దాకా ఆగాల్సొచ్చింది, 1910ల్లో కార్ల్ తిరేన్ అనే రైల్వే ఉద్యోగి పాటలు రికార్డు చేసే మైనపు సిలిండర్లు పట్టుకుని స్వీడన్ వైపు ఊళ్లన్నీ తిరిగాడు. ఈ లోపల చర్చి వాళ్లు యోయిక్ పాపమన్నారు, వాళ్ల మంత్రాల డప్పులు లాక్కున్నారు. 1691లో నార్వేలో ఆండర్స్ పౌల్సెన్ అనే ఆయన దగ్గర లాక్కున్న డప్పు డెన్మార్క్ మ్యూజియం సొత్తుగా ఉండి ఉండి 2022లో కారాస్యోక్ అనే ఊళ్లో మళ్లీ సామీల సొంతమైంది. తమాషా ఏంటంటే మన సిర్మా కూడా తర్వాత చర్చి పాస్టరే అయ్యాడు!

కామెంట్: భాష విషయానికొస్తా. ఇప్పటి ఉత్తర సామీలో (ఇదీ సామీ భాషల్లో ఒకటే) మియెల్లా అంటే మనసు, బియెగ్గా అంటే గాలి. షెఫెరుస్ లాటిన్‌లో 'ఇచ్ఛ' అనే అర్థం వచ్చే మాట పెట్టాడు, ఇంగ్లిష్ కూడా ఆ దారే పట్టింది. మన 'మనసు'లో రెండూ ఉన్నాయి, మనసు పడ్డాడంటే ఇచ్ఛ, మనసు బాలేదంటే మూడ్. కాబట్టి మీ తెలుగు ఇంగ్లిష్ కంటే దగ్గరగా ఉంది. రెండో లైనుకి 'దూరాలోచన' పెడితే?

మొదటి పోస్ట్ వేసినవారు: థాంక్సండీ, కానీ దూరాలోచన వద్దు, అది ముందుచూపు అయిపోతుంది, పెద్దమనిషి లక్షణం. ఇక్కడ కుర్రాడికి ఊహ తెగట్లేదు, అంతే.

ఇక కాపాడటం అంటే నాకు గుర్తొచ్చేది ఇనారి. అదే ఫిన్లాండ్ ఉత్తరాన ఇనారి సామీ మాట్లాడేవాళ్లు ఇప్పటికీ కొన్ని వందల మందే, 1990ల్లో పిల్లల్లో దాదాపు ఎవరూ లేరు. 1997లో 'భాషా గూడు' పెట్టారు, పద్ధతి న్యూజిలాండ్ మావోరీల దగ్గర్నించి తెచ్చుకున్నారు, అంటే చిన్నపిల్లల్ని చూసుకునే చోట మొదటి రోజు నుంచీ ఆ భాష తప్ప ఇంకో మాట ఉండదు. మరి మధ్య తరం? వాళ్లకి రాదు కదా, అందుకని 2009-10లో పెద్దవాళ్లకి ఏడాది కోర్సు పెట్టి ముసలివాళ్ల దగ్గరికి పంపారు, వాళ్లతో వంట చేస్తూ చేపలు పడుతూ నేర్చుకున్నారు. ఆ భాషలో ఇప్పుడు రేడియో ఉంది, బడి ఉంది, అమోక్ అనే ర్యాపర్ 2007లో ఆల్బమే వేశాడు. సిర్మా పాటలకి దక్కనిది ఇదే. పుస్తకాన్ని తప్పుపట్టట్లేదు, పుస్తకం ఒక్కటే సరిపోదంటున్నా.

కామెంట్: ర్యాప్ దాకా వెళ్లిందా, భలే 😄 సరే, ఆ రెండు లైన్లని ద్విపదలో ఎవరైనా కట్టండి. రెయిన్‌డీర్ పాట కూడా చేస్తే దాన్ని జింకనో దుప్పినో చేసేయకండి, కుల్నసట్స్ పేరు అలాగే ఉంచండి, ప్రాస కుదరకపోయినా పర్లేదు.