ఆటలో సాధించినది పోకుండా బ్రౌజర్ క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్లు) మాత్రమే తీసేయడం ఎలా?

నేను బ్రౌజర్‌లో ఒక పొలం ఆట ఆడుతుంటాను. కొత్త అప్‌డేట్ వచ్చినప్పటి నుంచి అది నత్తనడక నడుస్తోంది. కోడిని నొక్కితే, తీరిగ్గా ఆలోచించుకుని గుడ్డు పెడుతోంది. కొన్ని చెట్ల చోట తెల్లటి గళ్లు కనిపిస్తున్నాయి. అదే ఆటను అజ్ఞాత (ఇన్‌కాగ్నిటో) విండోలో తెరిస్తే ఏ తడబాటూ లేదు. అందుకే పాత ఫైళ్లే అడ్డుపడుతున్నాయని నా అనుమానం.

పేజీని మళ్లీ కొత్తగా లోడ్ చేయడానికి కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కాను. చెట్లు వచ్చాయి, మరునాటికి మళ్లీ మాయం. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కితే వచ్చే, బ్రౌజర్ డేటాను తీసేసే పెట్టెలో క్యాష్ చిత్రాలు, ఫైళ్లకు ఒక గడి; కుకీలు, సైట్ డేటాకు (సైట్లు బ్రౌజర్‌లో దాచుకునే సమాచారానికి) మరో గడి ఉన్నాయి. నా భయమంతా రెండో దానితోనే. ఈ ఆటకు లాగిన్ లేదు, అంటే ఎనిమిది నెలల నా పొలం బ్రౌజర్‌లోనే ఉంది. ఇంతకుముందు వేరే ఆటలో తొందరపడి రెండు గడుల్లోనూ టిక్ పెట్టి, మళ్లీ మొదటి నుంచి ఆడుకున్నాను.

మొదటి గడి ఒక్కటే ఎంచుకుంటే పొలానికి ఢోకా లేదు కదా? మిగతా సైట్ల జోలికి పోకుండా ఈ ఆట ఫైళ్లనే తీసేసే దారి ఉందా? ముందుగా పొలాన్ని ఎక్కడైనా భద్రపరచుకోగలిగితే అదీ చెప్పండి. అంతవరకు ఆ పెట్టె జోలికి పోను.