అండమాన్: బారాటాంగ్‌కి రోడ్డు మీద వెళ్లాలా, పడవలోనా? తెలిసినవాళ్లు చెప్పండి

విశాఖ_రేవు:
జనవరిలో విశాఖ నుంచి ఓడలో వెళ్తున్నాం. సెల్యులార్ జైలు, బారాటాంగ్ సున్నపురాయి గుహలు, ఒక మంచి బీచ్ చూడాలని ఉంది. గుహలకి రోడ్డు మంచిదా, పడవా? నికోబార్ వెళ్లనిస్తారా? అమ్మకి మోకాళ్ల నొప్పులు.

రంగత్_వాసి:
రోడ్డే. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి మొదటి కాన్వాయ్ (పోలీసు కాపలాతో వెళ్లే బండ్ల వరస) పొద్దున్న 6కి కదులుతుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి నాలుగు లోపే బయల్దేరాలి, లేకపోతే వరసలో బాగా వెనకబడతారు. ఒరిజినల్ ఐడీ దగ్గరుంచుకోండి. రోడ్డు జార్వా ఆదివాసుల అడవిలోంచి పోతుంది; లోపల 40 స్పీడు దాటకూడదు, బండి ఆపకూడదు, ఓవర్‌టేక్ చెయ్యకూడదు, ఫొటో తియ్యకూడదు, జార్వాలకి తిండి ఇవ్వకూడదు. మిడిల్ స్ట్రెయిట్ అనే సముద్రపు పాయని ఫెర్రీలో దాటి, స్పీడ్‌బోటులో మడ అడవి కాలువలోకి వెళ్లాలి. దిగాక కిలోమీటరున్నర నడక. ఎత్తుపల్లాల దారి, వాన పడితే జారుతుంది. అమ్మగారిని జెట్టీ దగ్గరే కూర్చోబెట్టడం మేలు. సోమవారం గుహలు మూసేస్తారు.

మడఅడవి:
ఆ రోడ్డు మూసెయ్యమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. జార్వాలు బయటివాళ్లతో కలవడం మొదలుపెట్టింది 1997-98 ప్రాంతంలో, 1999కే వాళ్లలో తట్టు లేచింది. ఒక్క దగ్గు చాలు. అద్దంలోంచి మనుషుల్ని చూడ్డానికి కాన్వాయ్ కట్టుకు పోవడం నాకు అసహ్యం. పడవలో వెళ్లండి.

రంగత్_వాసి:
మీకేం, చెప్పేస్తారు. రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ జనానికి ఆస్పత్రికైనా కూరగాయలకైనా ఆ రోడ్డే దిక్కు. రాత్రిపూట పేషెంటుని సముద్రం మీద తీసుకెళ్లమంటారా?

మడఅడవి:
పేషెంటుని ఆపమని ఎవరన్నారు? టూరిస్టు బండ్లు వేరు, ఊరి బండ్లు వేరు. ఆ రెంటినీ మీరే కలిపేస్తున్నారు.

పాత_రికార్డు:
గెజిటీర్లు, జైలు పత్రాలు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివినవాణ్ణి, కాబట్టి వినండి. 1859 మేలో పోర్ట్ బ్లెయిర్‌లోని అబర్డీన్ దగ్గర గ్రేట్ అండమానీ ఆదివాసులు బ్రిటిష్ వాళ్ల మీద దాడికి వచ్చారు. పారిపోయి ఆ ఆదివాసులతోనే బతికిన ఖైదీ దూధ్‌నాథ్ తివారీ ముందే వచ్చి బ్రిటిష్ వాళ్లకి కబురు చెప్పేశాడు. అయినా ఆదివాసులని ఎక్కువగా చంపింది తుపాకులు కాదు, రోగాలు. 1877 తట్టుకి గుంపులకి గుంపులే పోయాయి. మడఅడవి గారి భయం ఊరికే పుట్టింది కాదు.
జైలు 1896లో మొదలై 1906కి పూర్తయింది. ఏడు రెక్కల్లో మూడే మిగిలాయి. గైడు సావర్కర్ గది చూపించి బయటికి తీసుకొచ్చేస్తాడు. అక్కడే ఆగకండి. మన్యం తిరుగుబాటులో అల్లూరి వెంట నడిచినవాళ్లనీ, కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారినీ (ప్రతివాది అన్నది పేరులో భాగమే) అక్కడికే పంపారు. ఖైదీల పేర్ల పలకల్లో వెతకండి.

సోంపేట_వలస:
ఓడ సంగతి ఒక్కరూ చెప్పలేదేటండీ! విశాఖ నుంచి ఓడలు తక్కువ, చెన్నై, కోల్‌కతాల నుంచి ఎక్కువ. సుమారు రెండున్నర రోజులు పడతాది. తేదీలు మారతాయి గనక దిగిన మర్నాటికే ఇంకేదీ బుక్ చేసుకోవద్దు. బంక్ క్లాస్ కింది డెక్కులో ఉంటాది, మెట్లు నిటారు. అమ్మకి కేబినే తీసుకోండి, ఓడ మధ్యలో అయితే ఊపు తక్కువ. అక్కడ భాషకి బెంగ లేదు: 2011 లెక్కల్లో వందకి 13 మంది తెలుగోళ్లే. జంగ్లీఘాట్‌లో మనోళ్ల చేపల పడవలే. సునామీకి సిప్పీఘాట్ వరి పొలాలు పోయాక వ్యవసాయం మాత్రం దెబ్బతింది.

మడఅడవి:
సునామీ నీళ్లు వచ్చి వెనక్కి పోయాయి. పొలాలు పోయింది నేల కుంగడం వల్ల. 2004 భూకంపానికి దక్షిణ అండమాన్ సుమారు మీటరు దిగింది, దాంతో పోటు నీళ్లు రోజూ పొలంలోకి వస్తున్నాయి. గ్రేట్ నికోబార్ చివర ఇందిరా పాయింట్ అయితే నాలుగు మీటర్లకి పైగా కుంగింది. ఉత్తర అండమాన్ మాత్రం అందుకు భిన్నంగా పైకి లేచింది. అక్కడ పగడపు దిబ్బలు బయటపడి చచ్చాయి, పోటు అందక మడ ఎండిపోయింది. దక్షిణాన అదే మడ నీళ్లు ఎక్కువై చచ్చింది.

సోంపేట_వలస:
గట్టు కట్టి తూములు పెడితే కొంత నేల వస్తాది కదా?

మడఅడవి:
ఆటు వేళ తూము తెరిచి, పోటు రాకముందే మూసెయ్యాలి. ఒక్కసారి ఏమరినా ఉప్పు మళ్లీ ఎక్కుతుంది. కడగడానికి రెండు మూడు వానాకాలాలు పడుతుంది.

రంగత్_వాసి:
నికోబార్‌కి టూరిస్టుల్ని పంపరు, ట్రైబల్ పాస్ కావాలి. చచ్చిన పగడమైనా, గవ్వయినా సంచిలో వేసుకోవద్దు, విమానాశ్రయంలో పట్టుకుంటారు. మొసలి బోర్డు ఉన్నచోట మోకాలి లోతు నీళ్లలోకి కూడా ఎవర్నీ దిగనివ్వకండి, ఉప్పునీటి మొసలి ఒడ్డుదాకా వస్తుంది. రోడ్డు మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.