నాన్న కంటికి ఇంజెక్షన్ అంటున్నారు, మాత్రలతో తగ్గదా?

నాన్నకి 74 ఏళ్లు, తెనాలిలో ఉంటాం. పేపర్లో లైన్లు వంకరగా ఉన్నాయి, అక్షరాల మధ్య మచ్చ కనిపిస్తోందంటే, అద్దాలు మారిస్తే చాలనుకుని రెండు నెలలు నాన్చాం. ఇప్పుడు ఓసీటీ (కంటి వెనక పొర రెటీనాని చూపే స్కాన్) చూసి తడి రకం మాక్యులర్ డీజెనరేషన్ అన్నారు, అంటే రెటీనా మధ్యభాగంలో పిచ్చి రక్తనాళాలు పెరిగి కారి చూపు దెబ్బతినడమట. కంట్లో సూది అనగానే ఆయన రాత్రి అన్నం కూడా తినలేదు.

జవాబు 1: మా అమ్మకి 11 ఇంజెక్షన్లు అయ్యాయండి. తడి రకం మాత్రలతో ఆగదు, ఇంకా నాన్చకండి. చుక్కలతో మొద్దుబారాకే గుచ్చుతారు, నిమిషం పని. అమ్మకి మొదటి మూడూ నెలకొకటి వేశారు, తర్వాత స్కాన్ చూసి ఎడం పెంచారు. పోయిన చూపంతా రాలేదు, ఉన్నది నిలిచింది. వేయించాక నొప్పి పెరిగినా, చూపు తగ్గినా అదే రోజు పరుగెత్తాలి.

జవాబు 2: ఏ మందో ముందే అడగండి. అవాస్టిన్ అసలు క్యాన్సర్ మందు, కంటికీ వాడతారు, బాగా చవక. రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ ఖరీదు. మీకు దగ్గర్లో విజయవాడ తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, రెటీనా డాక్టర్‌నే అడగండి.

జవాబు 3: మా ఆయనది పొడి రకం, మధ్య దశ. ముదరడం నెమ్మదించడానికి ల్యూటిన్, జింక్ ఉన్న మాత్రలు రాశారు. ఫ్రిజ్ మీద గళ్ల కాగితం అంటించాం, గీతలు వంకరగా కనిపిస్తున్నాయేమోనని రోజూ ఒక్కో కన్ను మూసి చూస్తారు. సిగరెట్ మాత్రం మానరు!

ప్రశ్న అడిగినవారు: బుధవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. నాన్న ఇప్పుడు సూది పొడవెంతో కనుక్కోమంటున్నారు.