వెండి రూపాయలు పోస్టులో పంపాలి, ప్యాకింగ్ సలహా కావాలి

నిజాం కాలపు చార్మినార్ వెండి రూపాయలు ఐదు బెంగళూరుకు పంపాలి. ఒక్కోటి 11 గ్రాముల పైనే. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి ఇక స్పీడ్ పోస్టే.

మెత్తటి పీవీసీ కవర్లు వద్దనుకున్నా, వాటి వల్ల నాణెం మీద ఆకుపచ్చ జిగురు పడుతుంది. మైలార్ (పారదర్శకమైన ప్లాస్టిక్ పొర) కిటికీ ఉన్న అట్ట హోల్డర్లలో పెట్టి, స్టేప్లర్ పిన్ను కొనలు పట్టకారుతో అణిచేశాను. లేకపోతే పక్క నాణేన్ని గీకేస్తాయి. అన్నిటినీ రెండు గట్టి అట్టల మధ్య టేపుతో బిగించాను. ఊపితే చప్పుడు రాదు. వస్తే లోపల ఏముందో చాటింపు వేసినట్టే!

ఇప్పుడు బబుల్ కవరు చాలా, చిన్న అట్టపెట్టె మేలా? కవరైతే బరువుకు మూల చిరుగుతుందేమోనని అనుమానం. ఇన్సూరెన్స్‌కు విలువ ఎంత చూపిస్తున్నారు, అమ్మిన ధరా, వెండి ధరా? క్లెయిము వచ్చినవాళ్లుంటే ఏ కాగితాలు అడిగారో కూడా చెప్పగలరు.