గోదారి లంక, రావణుడి లంక ఒకటేనా?

లంకవాసి:
నాట్లకి వచ్చిన బెంగాల్ కూలీల్లో ఒకమ్మాయి అన్నం తింటూ "లంకా, లంకా" అని అడిగింది. మా అమ్మ ఏటి మధ్య లంక వైపు చెయ్యి చూపించింది. ఆ అమ్మాయి నవ్వేసి, గట్టు మీది మొక్క నుంచి ఓ పచ్చిమిరపకాయ తుంపి చూపించింది. బెంగాలీలో లంకా అంటే మిరపకాయట! ఎదుర్లంక, బొబ్బర్లంక, పొట్టిలంక... మన లంక కూడా ఇలాగే వేరే మాట, అచ్చ తెలుగుది అని నా నమ్మకం. రావణుడితో ముడిపెట్టొద్దు.

అమలాపురం పంతులు:
మిరప మన దేశపుది కాదు బాబూ, పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. సముద్రం దాటి వచ్చింది కాబట్టి లంక పేరు తగిలిందంటారు. మనదీ అంతే. సముద్రం మధ్య లంక ఉన్నట్టే ఏటి మధ్యదీ లంక అయింది. అసలు ద్రావిడ మాటలు ల తో మొదలవడం అరుదు. అందుకే తమిళులు ముందు ఇ చేర్చి ఇలంగై అంటారు.

లంకవాసి:
మరి లేదు, లోపల, లేత? ఇవి సంస్కృతమా మాస్టారూ?

అమలాపురం పంతులు:
కాదు. కానీ వాటికి తమిళంలో ఇల్లై, ఉళ్, ఇళ అని జతలున్నాయి. మొదట ఉన్న అచ్చు వెనక్కి జరిగి, ల ముందుకొచ్చింది. లంకకి అలాంటి జత ఒక్కటి చూపించు, ఒప్పుకుంటాను.

యానాం ఆడపడుచు:
రాత చూసి తేల్చలేమండీ. సంస్కృతంలో లంకా అని దీర్ఘం. సీతా మనకి సీత అయినట్టే అదీ లంక అవుతుంది. అచ్చ తెలుగు మాటైనా లంక అనే రాస్తాం. రెండు దారులూ ఒకే రేవుకి చేరాయి. నేనైతే వాడుక చూస్తాను. 1972లో సిలోన్ శ్రీలంక అయింది, అది ఒక దేశం పేరు. మనకి మాత్రం లంకలు ఎన్నైనా ఉంటాయి. లంక భూములు, లంక పొగాకు అంటాం. వరదకి ఒక లంక కోతకి పోతే ఇంకోచోట మేట వేస్తుంది. ఇంతగా బతుకులో కలిసిన మాటని అరువు మాట అనడానికి నాకు మనసొప్పదు.

అమలాపురం పంతులు:
అరువు మాట బతుకులో కలవకూడదని ఎక్కడుందమ్మా? రోజూ తినే మిరపకాయ కలవలేదా?

లంకవాసి:
జత నా దగ్గర లేదు మాస్టారూ, నిజమే. కానీ ఒకటి గమనించాను. మా ఊళ్ళో ఏట్లో కొత్తగా ఇసుక లేస్తే తిప్ప అంటారు. ఒండ్రు పడి, దున్ని, పొగాకో కూరగాయలో వేశాకే లంక అంటారు. మీ వైపు కూడా ఇంతేనా? ముసలివాళ్ళనడిగి ఎవరైనా రాయండి.