‘వస్తూకరణ’కు వేరే మాట ఏదైనా ఉందా?

మా తమ్ముడి కూతురు ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. సెలవులకు నల్లగొండ వచ్చి ఒక బొమ్మ గీసింది. బట్టల షాపు ముందు నిలబెట్టే ప్లాస్టిక్ బొమ్మ, దానికి జరీ అంచు గద్వాల చీర. మెడ దాకానే ఉంది, తల లేదు. తల ఉండాల్సిన చోట ధర చీటీ వేలాడుతోంది. కింద రాయడానికి ఒక తెలుగు మాట కావాలంటే, వ్యాసాల్లో చూసిన ‘వస్తూకరణ’ చెప్పాను, అంటే మనిషిని వస్తువులా చూడటం. పక్కనే ఉన్న మా పెద్దమ్మ, “వస్తువులా? ఎన్ని తులాలు?” అంది.

ఆమె తప్పేం లేదు. మా దిక్కు వస్తువులంటే బంగారమే. “వస్తువులు కుదువబెట్టి బోరు వేయించిండు” అంటే అందరికీ అర్థమవుతుంది. సాహిత్యం వాళ్లకేమో వస్తువంటే కథావస్తువు. “ఈ కవితకు స్త్రీయే వస్తువు” అంటే ఎవరూ నొచ్చుకోరు.

1974లో ఇటలీలోని నేపుల్స్‌లో మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి ఒక ప్రదర్శనగా బల్ల మీద 72 వస్తువులు పెట్టి, నేనే వస్తువును, వీటిని నా మీద ఎలాగైనా వాడుకోండి అని రాసిపెట్టి 6 గంటలు నిలబడింది. గులాబీ, తేనె, కత్తెర, తూటా, పిస్టల్ అన్నీ ఉన్నాయి. పోను పోను జనం ఆమె బట్టలు కత్తిరించారు, పిస్టల్ తలకు గురిపెట్టారు. టైమ్ అయిపోయి ఆమె కదిలి ఎదురు నడిస్తే మొహం చూడలేక వెళ్లిపోయారు. ఈ సంగతి తెలుగులో చెప్పాలంటే ‘వస్తువు’ మాట తప్పించుకోలేం. కానీ పెద్దమ్మకు ఎలా చెప్పాలి?

జవాబు: అన్నా, మన వ్యాకరణంలోనే ఉంది చూడండి. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది: క్రియ ఒక్కటే. అతనికి మాత్రం ‘వచ్చాడు’. అదే ఇద్దరు ఆడవాళ్లయితే ‘వచ్చారు’, బస్సులు ‘వచ్చాయి’. అంటే ఒక్కతే ఉంటే బస్సు లెక్క, ఇద్దరైతే మనిషి లెక్క!

జవాబు: నెపం వ్యాకరణం మీద వేయకండి సార్. మా అమ్మ వస్తే ‘వచ్చింది’ అనే అంటాం, అందులో చులకన ఏముంది? ఇంకోటి, తల లేనంత మాత్రాన వస్తువైపోదు. ఆలంపూర్ మ్యూజియంలో లజ్జాగౌరి శిల్పానికి తల చోట తామర పువ్వు. ఒంటి మీద బట్ట లేదు. అయినా దేవతే. ఆ శిల్పంలో నాకైతే లజ్జ ఎక్కడా కనిపించలేదు, పేరు పెట్టినవాళ్లదే కావచ్చు ఆ సిగ్గు.

మళ్లీ నేను: మేడమ్, తామర మాట మా పిల్లకు చెప్పాను, ఆలంపూర్ తీసుకుపొమ్మంటోంది. ‘వస్తూకరణ’ కొట్టేసింది. నిన్న బొమ్మ పెద్దమ్మకు చూపించి, “దీనికి తల పెట్టలేదు, ఎందుకో చెప్పు” అంది. పెద్దమ్మ కళ్లద్దాలు సర్దుకుని చీర అంచు చూస్తూ, “చీర చూపెట్టేతందుకు తలకాయెందుకే బిడ్డా?” అంది.

బొమ్మ కింద ఇప్పుడు అదే రాసి ఉంది: తలకాయెందుకు?